మూడో రౌండులో ఆగిపోయేది కాళ్ళా, మనసా?

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగరం. వయసు 21. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియా మీడియం. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే ఎస్సెస్సీ జీడీ రాత పరీక్ష పోయినసారి పాసయ్యాను, పరుగులో పోయింది. ఆడపిల్లలు 1600 మీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి, నాకు 20 సెకన్లు ఎక్కువ పట్టింది. మళ్ళీ మొదలుపెట్టాను, గ్రౌండుకెళ్ళిన ప్రతిరోజూ 1600 మీటర్లూ టైం పెట్టుకుని పరుగెడుతున్నాను, కానీ నాలుగు రోజులు పరుగెడితే వారం మానేస్తున్నాను. రాత్రి పన్నెండింటి దాకా ఫోనులో మోటివేషన్ వీడియోలు చూసి, యూనిఫాంలో నన్ను నేను ఊహించుకుంటే కొండల్ని పిండి చేసేద్దామనిపిస్తుంది. పొద్దున్న లేచేసరికి అదేమీ ఉండదు. మొన్న గ్రౌండులో అన్నయ్య టైం చూశాడు. మొదటి రౌండు 1:45, రెండోది 2:10, మూడోది 2:40, నాలుగోది 2:15. మొత్తం మళ్ళీ అదే 8:50. మూడో రౌండులో ‘ఇంక నావల్ల కాదు’ అని మనసు చెప్పేస్తుంది, నడిచేస్తాను. మా మేనత్త ‘ఆడగుంటకి పరుగులేటి’ అంటుంది. ఈసారి కూడా పోతే సంబంధం చూస్తానని నాన్న అంటున్నారు. నా మనసు చాలా బలహీనం. దాన్ని గట్టిగా చేసుకోవడం ఎలా? ఇంకొకటి, రాత పరీక్ష తెలుగులో కూడా ఉందంటున్నారు, ఈసారి తెలుగులో రాయనా?

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది మీ అన్నయ్య రాసిచ్చిన ఆ నాలుగు అంకెలు. మనసు బలహీనం, మనసు బలహీనం అని పేరాకోసారి రాశావు (కొన్ని నేను తీసేశాను), ఆ అంకెలేమో వేరే కథ చెప్తున్నాయి. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చో. ముందు లెక్క చూద్దాం, మనసు సంగతి తర్వాత.

ఎనిమిదిన్నర నిమిషాలంటే 510 సెకన్లు. 400 మీటర్ల రౌండ్లు నాలుగుకి పంచితే రౌండుకి 127న్నర, అంటే 2:07 చిల్లర. నువ్వు మొదటి రౌండు 1:45లో కొట్టేశావు, కావాల్సిన దానికంటే 22 సెకన్లు ముందు. దానికి ఎవరూ బహుమతి ఇవ్వరు, పైగా అదంతా అప్పు, మూడో రౌండులో వడ్డీతో సహా వసూలైంది, 32 సెకన్లు. ఊపిరి అందించే ఆక్సిజన్‌కి సరిపడే వేగంలో ఉన్నంతసేపు కండరాలు గొణక్కుండా పనిచేస్తాయి. ఆ వేగం దాటించావంటే ఆక్సిజన్ చాలకపోయినా కాసేపు ఎలాగో శక్తి పుట్టించుకుంటాయి కానీ ఆమ్లం పేరుకుని, ఊపిరి ఎగబోసి, తొడలు మండి, అడుగు లేవనంటుంది. అప్పుడు ‘నావల్ల కాదు’ అని మనసు అనక ఏమంటుంది? అది అబద్ధం చెప్పలేదు, కాళ్ళు అందించిన కబురే చెప్పింది. నువ్వేమో కబురు తెచ్చినవాడిని పట్టుకుని తిడుతున్నావు.

రౌండుకి 2:05 చొప్పున నాలుగూ ఒకే వేగంతో పరుగెత్తి చూడు. మొత్తం 8:20 అవుతుంది, పది సెకన్లు చేతిలో ఉంటాయి. చివరి రౌండు 2:15లో ముగించగలిగావంటే, అదీ మూడో రౌండులో నడిచాక, నీలో దమ్ము లేకపోవడం కాదు, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియకపోవడం. ఇంకో సంగతి మర్చిపోకు. ఈ పరుగు అర్హత కోసం మాత్రమే. ఫస్టు వచ్చిన అమ్మాయికీ 8:29కి గీత దాటిన అమ్మాయికీ తేడా ఏమీ లేదు, మెరిట్ లిస్టు రాత పరీక్ష మార్కులతోనే కడతారు.

మాది గుణుపురం. ఇక్కడ వంశధార ఒడ్డున పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చే కుర్రాళ్ళని చూస్తుంటాను. చెప్పులు ఓ పక్క వరసగా విడిచి, గీత గీసి, ఒకడు ఈల వేస్తాడు. వేయడమే ఆలస్యం, అందరూ కుక్క తరిమినట్టు పరుగే. మొదటి రౌండులో ముందున్న ముగ్గురు నలుగురు మూడో రౌండుకి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ కనిపిస్తారు, ఏమీ పట్టనట్టు వెనకాల వస్తున్న సన్నటి కుర్రాడు వాళ్ళని మెల్లగా దాటుకుని పోతాడు. మరునాడు మళ్ళీ అదే తంతు. ఎందుకంటే పక్కవాడు దూసుకుపోతుంటే మన వేగంలో మనం ఉండటం చాలా కష్టం. సిగ్గుగా ఉంటుంది, చూసేవాళ్ళు నవ్వుతారేమో అనిపిస్తుంది, కాళ్ళు వాటంతటవే లాగేస్తాయి.

అందుకే నన్నడిగితే నీకు గుండె దిటవు కావాల్సింది మూడో రౌండులో కాదు, మొదటి రౌండులో. ఈల పడగానే యాభై మంది నిన్ను దాటిపోతుంటే, నీ 2:05 నువ్వు పట్టుకుని వెనక ఉండిపోగలవా? వీడియోల్లో పళ్ళు బిగించి అరిచేవాళ్ళు దీన్ని మనోబలం అనరు, చూడ్డానికి ఏమీ ఉండదు మరి. నాకు మాత్రం అంతకంటే గట్టిదనం ఇంకోటి లేదనిపిస్తుంది.

నీ ప్రాక్టీసులో ఇంకో తిరకాసుంది. రోజూ గ్రౌండుకెళ్ళి రోజూ 1600 మీటర్లు ఉన్న శక్తంతా పెట్టి పరుగెడుతున్నావు, టైం చూసుకుంటున్నావు, రోజూ 8:50 చూసి దిగాలుపడి ఇంటికొస్తున్నావు. అంటే రోజూ పరీక్ష రాసి రోజూ ఫెయిలవుతున్నావన్నమాట. నాలుగు రోజులు ఇలా గడిచాక ఐదో రోజు లేవబుద్ధి కాకపోతే అందులో వింతేముంది? ఎవరికైనా అంతే. పూర్తి దూరం టైం పెట్టి పరుగెత్తడం రెండు వారాలకోసారి చాలు. మిగతా రోజుల్లో, వారానికి నాలుగు పూటలు అనుకో, రెండు పూటలు నిదానంగా, పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడగలిగేంత నిదానంగా, ఇరవై నిమిషాల నుంచి మొదలుపెట్టి అరగంట దాకా పెంచుకుంటూ పరుగెత్తు. ఒక పూట 400 మీటర్లు సరిగ్గా 2:05లో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్ళీ 2:05, అలా నాలుగు సార్లు. అలవాటయ్యే కొద్దీ మధ్యలో నడిచే సమయం తగ్గించుకుంటూ రా. నాలుగో పూట నీ ఇష్టం, నిదానంగానే. వాచీ చూడకుండా 2:05 ఎంత వేగమో ఒంటికి తెలిసిపోవాలి, ఎందుకంటే భర్తీ గ్రౌండులో మీ అన్నయ్య ఫోన్ పట్టుకుని పక్కన ఉండడు, అక్కడి రౌండు కొలత కూడా మీ గ్రౌండులాగే ఉంటుందన్న భరోసా లేదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యి. ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించుకో. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒడిశాలో అయితే ఇంకా ఎక్కువ, 64 శాతం. అంటే మీ వీధిలో ఏ ముగ్గురు ఆడవాళ్ళు నీళ్ళ కోసం నిలబడినా అందులో ఇద్దరికి ఉండొచ్చు. కండరాలకి ఆక్సిజన్ మోసుకెళ్ళేది ఈ హిమోగ్లోబినే. ఆడవాళ్ళకి డెసిలీటరుకి 12 గ్రాములు ఉండాలి. అది తొమ్మిదో పదో ఉంటే, నువ్వు ఎన్ని వీడియోలు చూసినా, ఎన్ని శపథాలు పట్టినా మూడో రౌండులో ఊపిరి ఆడదు. పొద్దున్న లేవలేకపోవడం, ఊరికే నీరసం, దేని మీదా మనసు నిలవకపోవడం, నువ్వు బద్ధకమని పేరు పెట్టుకున్న వీటన్నిటికీ అదే కారణం కావచ్చు. నెలసరి ఎక్కువగా అవుతుంటే ఆ మాట కూడా డాక్టరుకి చెప్పు, సిగ్గుపడొద్దు. తక్కువుందని తేలితే ఐరన్ మాత్రలు రాస్తారు. ఒక వారంలో ఫలితం కనపడదు, నెలలు పడుతుంది, మధ్యలో మానకు. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే మానుకో, తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. పప్పులోనో ఆకుకూరలోనో నిమ్మకాయ పిండుకో, అది పట్టేలా చేస్తుంది. మన ఇళ్ళలో మగవాళ్ళు తిన్నాక మిగిలింది ఆడపిల్లలు సర్దుకోవడం ఇంకా ఉంది, మీ ఇంట్లో కూడా ఉంటే అమ్మతో మాట్లాడు, పరుగెత్తేది నువ్వు కాబట్టి గుడ్డు నీ కంచంలో పడాలి.

ఇప్పుడు మనసు సంగతికొద్దాం.

రాత్రి వీడియో చూసి యూనిఫాంలో నిన్ను నువ్వు ఊహించుకుంటే ఉత్సాహం వస్తుందన్నావు. ఆ ఉత్సాహమే కొంప ముంచుతోంది. గాబ్రియెలే ఎటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళు దీని మీదే పరిశోధన చేసింది. చదువు ముగిస్తున్న విద్యార్థుల్లో మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తీయగా కలలు కన్నవాళ్ళకి రెండేళ్ళ తర్వాత చూస్తే తక్కువ ఉద్యోగాలు, తక్కువ జీతాలు వచ్చాయి. వాళ్ళు పంపిన దరఖాస్తులే తక్కువ. వచ్చేసినట్టు ఊహించుకుంటే ఒళ్ళు అప్పుడే సేదతీరిపోతుంది, ఇక కష్టపడటం ఎందుకన్నట్టు. కల కనొద్దని ఆవిడ అనదు, కల పక్కనే అడ్డొచ్చేది ఏమిటో కూడా చూసుకోమంటుంది. నీకు అడ్డొచ్చేవి నీకే బాగా తెలుసు: రాత్రి పన్నెండింటి దాకా ఫోను, పొద్దున్న చీకట్లో ఒంటరిగా వెళ్ళాలంటే భయం (రాయలేదు కానీ ఉంటుంది), వాన, మేనత్త.

ఒక్కోదానికి ఒక్కో ఏర్పాటు చేసుకో. పీటర్ గోల్విట్జర్ అనే ఇంకో శాస్త్రవేత్త చెప్పిన చిట్కా ఇక్కడ బాగా పనికొస్తుంది, చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ 2006 నాటికే 94 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసి ఇది నిజంగా పనిచేస్తుందని తేల్చారు. ‘రేపట్నుంచి కష్టపడతాను’ అనుకోవడం మానేసి, ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముందే రాసిపెట్టుకోవడం. ఐదింటికి అలారం మోగితే ఫోను ముట్టుకోకుండా బూట్లు వేసుకుంటాను. వాన పడుతుంటే ఇంటి అరుగు మీదే పావుగంట ఉన్నచోట పరుగెత్తుతాను. మూడో రౌండులో ‘నావల్ల కాదు’ అనిపిస్తే నడవను, అడుగులు చిన్నవి చేసి, ఊపిరి బలంగా బయటికి వదిలి, వచ్చే మలుపు దాకా మాత్రం వెళ్తాను, అక్కడ మళ్ళీ చూద్దాం. ఇలా ముందే తేల్చేసుకుంటే ఆ సమయంలో మనసుతో వాదన పెట్టుకోవాల్సిన పని ఉండదు. పొద్దున్న ఐదింటికి మనసుతో వాదించి గెలిచినవాళ్ళని నేనైతే చూడలేదు.

ఫోను రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మ మంచం దగ్గర పెట్టెయ్. పాత అలారం గడియారం ఒకటి కొనుక్కో, పర్లాకిమిడి బజారులో దొరక్కపోదు. చీకట్లో గట్టు మీద ఒంటరిగా వెళ్ళకు. అన్నయ్యని సైకిల్ మీద వెంట రమ్మను, లేకపోతే పరీక్ష రాసే ఇంకో అమ్మాయిని చూసుకో, ఊళ్ళో ఒకరైనా ఉంటారు. తోడు ఉంటే ఇంకో లాభం, తను గుమ్మం ముందు నిలబడి పిలుస్తుంటే దుప్పటి ముసుగేసుకోవడం కష్టం.

పర్లాకిమిడి అన్నాను కాబట్టి గిడుగు రామమూర్తి గారి మాట చెప్పాలి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయనకి దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం, ఆయన సవర భాష కోసం ఏం చేశారో మాత్రం మీ వైపు పిల్లలకే సరిగ్గా తెలియదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో మేష్టారుగా చేరిన మనిషి. కొండల్లోంచి దిగొచ్చే సవరల మాట విని నేర్చుకుందామనుకున్నారు. లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్పే పుస్తకం లేదు. అడవుల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది, దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడొచ్చింది. భాష నేర్చుకునేవాడికి చెవులే పోతే ఇంకేం మిగులుతుంది? అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి, అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు. ఆ పట్టుదల గురించి అందరూ చెప్తారు. నాకు అందులో నచ్చేది వేరే ఉంది. ఆయన మొదట చేసిన పని సవరా తెలుగూ రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకోవడం. రోజూ పొద్దున్న లేస్తే సవర మాట చెవిన పడేలా చూసుకున్నారు. నేర్చుకోవాలా వద్దా అని రోజూ కొత్తగా సంకల్పం చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా చేసుకున్నారు. నీకు మీ అన్నయ్య సైకిలూ, అమ్మ మంచం దగ్గరున్న ఫోనూ ఆ పని చేయాలి.

నాలుగు రోజులు చేసి వారం మానేస్తున్నానన్నావు. మన వైపు దీన్ని ఆరంభశూరత్వం అని ఎగతాళి చేస్తారు కానీ నాకు నీ సమస్య ఆరంభంలో కనిపించడం లేదు, ఒక రోజు తప్పాక ఏం చేస్తున్నావన్న దగ్గర కనిపిస్తోంది. ఒక పూట పోతే ‘అయిపోయింది, పాడైపోయింది, సోమవారం నుంచి కొత్తగా మొదలుపెడదాం’ అనుకుంటావు కదూ? ఆ సోమవారమే నీ వారాన్ని మింగేస్తోంది. 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోతుందని ఎవరో చెప్పిన మాట అందరి నోళ్ళలో నానుతోంది, ఆ లెక్కకి ఆధారం లేదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 2009లో ప్రచురించిన పరిశోధనలో 96 మందిని పన్నెండు వారాలు గమనించారు. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క తేలింది. అందులో నీకు పనికొచ్చే మాట ఏమిటంటే, మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటుకి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. కాబట్టి మంగళవారం పోతే బుధవారం వెళ్ళు. బుధవారం అరగంట కుదరకపోతే బూట్లు వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి రా, అదీ లెక్కలోకే వస్తుంది. సోమవారాల గొడవ వదిలెయ్.

మేనత్త గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఆవిడతో వాదించకు. ‘సరే అత్తా’ అని బూట్లు కట్టుకో. ఆవిడ కాలంలో పొద్దున్నే లేచి పరుగెత్తే ఆడపిల్లని ఎవరూ చూడలేదు, ఉద్యోగం వచ్చిన మర్నాడు వీధంతా తిరిగి ‘మా మేనకోడలు’ అని చెప్పుకునేది కూడా ఆవిడే.

నాన్న విషయం అలా కాదు. ఈసారి పోతే సంబంధం అన్న మాట నీ నెత్తి మీద కత్తిలా వేలాడుతోంది, ఆ భయంతోనే మొదటి రౌండులో అలా దూసుకుపోతున్నావేమో అని కూడా నాకు అనుమానం. ఆయనతో నేరుగా కూర్చుని మాట్లాడు, ఏడవకుండా, అంకెలు ముందు పెట్టి. రాత పాసయ్యాను నాన్నా, పోయింది 20 సెకన్లు, అది ఎక్కడ పోయిందో ఇప్పుడు తెలిసింది, ఇదిగో ఈ రౌండు, దానికి ఇలా చేస్తున్నాను అని చూపించు. ఈ ఉద్యోగానికి వయసు 18 నుంచి 23, ఓబీసీ అయితే మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీ అయితే ఐదేళ్ళు సడలింపు ఉంటుంది. నీకు ఎన్ని అవకాశాలు మిగిలాయో లెక్కగట్టి, ఫలానా సంవత్సరం దాకా నన్నడగొద్దు, ఆ తర్వాత మీ మాట వింటానో లేదో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం అని ఒక తేదీ పెట్టుకోండి. ఆడపిల్ల తండ్రికి ఊళ్ళో వాళ్ళ నోళ్ళకి జవాబు చెప్పుకోవడానికి ఒక తేదీ ఉంటే చాలా తేలిక. నీకూ అంతే. గడువు లేని పట్టుదల మనిషిని నమిలేస్తుంది, పోటీ పరీక్షలని ముప్పై ఏళ్ళ దాకా గదుల్లో కూర్చుని ఇటు ఉద్యోగమూ అటు వేరే పనీ లేకుండా పోయిన పిల్లలు బరంపురంలో ఉన్నారు, శ్రీకాకుళంలో ఉన్నారు. ఈలోగా డిగ్రీకి దూరవిద్యలోనైనా పేరు నమోదు చేయించుకో. అది ఓటమికి సిద్ధపడటం కాదు, వేరే దారి ఉందని తెలిస్తే గీత దగ్గర నిలబడినప్పుడు గుండె అంతగా కొట్టుకోదు.

ఒక్క మాట జాగ్రత్తగా విను. పొద్దున్న లేవలేకపోవడం మాత్రమే కాకుండా, రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, బతకడం ఎందుకన్న ఆలోచనలు రావడం ఉంటే, దానికి పట్టుదల మందు కాదు. 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత సేవ, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. నీ ఉత్తరంలో అలాంటి జాడ కనపడలేదు, అయినా చెప్పడం నా ధర్మం.

ఇక తెలుగా ఒడియానా అన్నది. నువ్వు విన్నది నిజమే, 2024 జనవరి నుంచి ఈ పరీక్ష హిందీ, ఇంగ్లీషుతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు, వాటిలో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. మాతృభాష కదా అని అభిమానం కొద్దీ తెలుగు ఎంచుకోకు. 80 ప్రశ్నలకి గంట సమయం, అంటే ప్రశ్నకి 45 సెకన్లు. నువ్వు లెక్కలు ఒడియాలో నేర్చుకున్నావు, ‘భగ్నాంశ’ అంటే చెయ్యి దానంతటదే కదులుతుంది, ‘భిన్నం’ అని చదివితే ఒక్క క్షణం ఆగి ఇది దేనికి పేరు అని వెతుక్కుంటావు. పైగా తెలుగు మాట్లాడతావు, పాటలు వింటావు, ఈ ఉత్తరం కూడా చక్కగా రాశావు, కానీ గడియారం తిరుగుతుండగా సామాన్య శాస్త్రం ప్రశ్న తెలుగులో చదివిన అలవాటు నీకు లేదు. ఒకసారి పాత ప్రశ్నపత్రాలు రెండు తీసుకుని, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో, గంట పెట్టుకుని చేసి చూడు. నా అంచనా ఒడియాలోనే నాలుగైదు ప్రశ్నలు ఎక్కువ చేస్తావు, అలా వస్తే ఒడియానే పెట్టు, ఎవరేమన్నా పట్టించుకోకు. భాష దరఖాస్తు నింపేటప్పుడే ఎంచుకోవాలి కాబట్టి నోటిఫికేషన్ పడేదాకా ఆగకుండా ఈ వారంలోనే చేసి చూసుకో, హిమోగ్లోబిన్ పరీక్షకి వెళ్ళే రోజు కాకుండా ఇంకో రోజు.